జవాబు వచ్చిందని తెలిపే ఆటోమేటిక్ మెయిల్: సంఘాలకూ ఇళ్లకూ కావలసిన వివరాలు

మన తెలుగు సంఘాల్లో చాలావాటికి ఇప్పుడు గూగుల్ ఫారం ఒకటి ఉంటోంది. పిల్లవాడికి బడిలో తెలుగు ఒక భాషగా తీసుకోవచ్చా, భాషా అల్పసంఖ్యాకుల ధ్రువపత్రానికి ఎవరిని అడగాలి, సంఘం మండపం ఫలానా తేదీకి ఖాళీగా ఉందా, పాత పాఠ్యపుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా, ఇలాంటివన్నీ అందులోకి వస్తాయి. హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపురంలో ఉన్నా ప్రశ్న అడగడం సులువైంది. జవాబు అడిగినవారి చెవిన పడే ఏర్పాటు మాత్రం చాలాచోట్ల ఇంకా లేదు.

రెండేళ్ల కిందట మా సంఘంలోనే జరిగింది. ఒక తల్లి తన కూతురిని తెలుగు చెప్పే బడిలో చేర్చాలనుకుని, దరఖాస్తుకు ఏయే కాగితాలు కావాలో ఫారంలో అడిగింది. మూడో రోజుకల్లా మాలో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు షీటులో ఆమె ప్రశ్న పక్కనే వివరంగా జవాబు రాశారు. ఆ షీటు మా ముగ్గురికే కనబడుతుంది. చూసి ఆమెకు ఫోన్ చేయవలసిన కుర్రాడు పరీక్షల హడావిడిలో ఉన్నాడు. పద్దెనిమిది రోజులు చూసి ఆమే ఫోన్ చేసింది. అప్పటికి గడువు దాటింది. జవాబు ఉంది, తప్పు లేకుండా ఉంది, ఆమెకు తప్ప అందరికీ తెలుసు. ఆ పాప ఆ ఏడాది వేరే బడికి వెళ్లింది.

ఆ తర్వాతే మేం జవాబు రాయగానే దానంతట అదే మెయిల్ వెళ్లేలా ఏర్పాటు చేసుకున్నాం. అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ తప్పుతుంది, మెయిల్ అందుకునే ఇంట్లో ఏం చూసుకోవాలి అన్న వివరాలు ఇక్కడ ఇస్తున్నాం.

రెండు మెయిళ్లు, రెండు పనులు

ముందుగా ఒక తికమక తీర్చుకోవాలి. ‘మీ ప్రశ్న అందింది’ అని వెళ్లేది రసీదు. ‘మీ ప్రశ్నకు జవాబు ఇదిగో’ అని వెళ్లేది సమాచారం. చాలా సంఘాలు మొదటిది పెట్టుకుని పని అయిపోయిందనుకుంటాయి. రసీదు కోసం పెద్దగా శ్రమపడక్కర్లేదు. గూగుల్ ఫారం సెట్టింగుల్లో ఈమెయిల్ చిరునామాలు సేకరించమని, నింపినవారికి వారి సమాధానాల నకలు పంపమని చెబితే చాలు, అదే పంపుతుంది. రెండోది మాత్రం ఫారం తనంతట పంపదు. ఎందుకంటే జవాబు ఎప్పుడు రాస్తారో, షీటులో ఏ గడిలో రాస్తారో దానికి తెలియదు. అది మనమే చెప్పాలి.

రసీదుతోనే ఆగిపోతే నష్టం కూడా ఉంది. రసీదు అందినవాళ్లు ‘సరే, జవాబు కూడా ఇలాగే వస్తుంది’ అని నమ్మకంగా కూర్చుంటారు. రసీదు లేకపోతే నాలుగు రోజులు చూసి ఫోనైనా చేసేవారు.

మెయిళ్ల మధ్య దారం

మామూలుగా మనం ఒక మెయిల్‌కు ‘రిప్లై’ నొక్కి జవాబిస్తే అది పాత మెయిల్ కిందే వరుసగా చేరుతుంది. ఇది సబ్జెక్టు చూసి ఊహించే విద్య మాత్రమే కాదు. ప్రతి మెయిల్‌కూ మనకు కనబడని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని మెసేజ్ ఐడీ అంటారు. జవాబు మెయిల్‌లో ‘నేను ఫలానా సంఖ్య గల మెయిల్‌కు జవాబును’ అని ఇన్ రిప్లై టు అనే వరుస ఒకటి ఉంటుంది. ఈ పద్ధతి 1982 నాటి ఈమెయిల్ ప్రమాణ పత్రంలోనే ఉంది. 2004లో జీమెయిల్ వచ్చినప్పుడు ఒక సంభాషణలోని మెయిళ్లన్నీ ఒకేచోట చూపించడం కొత్తగా అనిపించింది గానీ, దానికి కావలసిన దారం అప్పటికే ఇరవై ఏళ్లుగా ఉంది.

ఇది ఇక్కడ ఎందుకంటే, షీటు నుంచి ఆటోమేటిక్‌గా వెళ్లే మెయిల్ సాధారణంగా కొత్త మెయిల్‌గా బయల్దేరుతుంది. దానికి పాత రసీదుతో దారం ఉండదు. మూడు వారాల కిందట ఏం అడిగామో ఎవరికి గుర్తుంటుంది? అందుకని జవాబు మెయిల్‌లో ముందు వారు అడిగిన ప్రశ్నను వారి మాటల్లోనే పెట్టి, దాని కింద జవాబు పెట్టాలి.

ఏర్పాటు చేసే పద్ధతి

దీనికి డబ్బు పెట్టి కొనవలసింది ఏమీ లేదు. గూగుల్ షీటుకు ఆప్స్ స్క్రిప్ట్ అనే సదుపాయం ఉంది. షీటు మెనూలో ఎక్స్‌టెన్షన్స్ కింద కనబడుతుంది. అందులో రాసే ప్రోగ్రాం ముప్పై నలభై వరుసలకు మించదు. కాలేజీలో కంప్యూటర్లు చదివే మన పిల్లలెవరైనా ఒక పూటలో రాసిస్తారు. రాసేవారికి ఏం కావాలో మనం స్పష్టంగా చెప్పగలగాలి, అంతే.

ఫారం నుంచి వచ్చే కాలమ్‌ల పక్కన మరో నాలుగు కాలమ్‌లు చేర్చండి. ఒకటి జవాబు. రెండోది ‘సిద్ధం’ అన్న టిక్కు. మూడోది మెయిల్ పంపిన తేదీ, ఇది ప్రోగ్రాం తనే నింపుతుంది. నాలుగోది ఫోన్ చేసిన తేదీ. దాని సంగతి చివర చెబుతాను.

ప్రోగ్రాం చేసేది ఇంతే. గంటకోసారి లేచి షీటు మొత్తం చూస్తుంది. జవాబు ఉండి, ‘సిద్ధం’ టిక్కు పడి, పంపిన తేదీ ఖాళీగా ఉన్న ప్రతి వరుసకూ మెయిల్ పంపి, వెంటనే ఆ వరుసలో తేదీ వేస్తుంది. ఇలా గంటకోసారి లేపేదాన్ని టైమ్ ట్రిగ్గర్ అంటారు.

‘జవాబు టైపు చేసిన క్షణమే వెళ్తే బాగుంటుంది కదా’ అని చాలామంది అడుగుతారు. గడి మారగానే పనిచేసే ట్రిగ్గర్ కూడా ఉంది. మేం మొదట అదే పెట్టాం. పెద్దాయన జవాబులో సగం రాసి ఎంటర్ నొక్కారు, సగం జవాబు వెళ్లింది. అక్షరదోషం దిద్దారు, రెండో మెయిల్ వెళ్లింది. ఒకే మనిషికి ఒక సాయంత్రం నాలుగు మెయిళ్లు వెళ్లాయి. పైగా గడి మారగానే పనిచేసే వాటిలో సాదా రకానికి మెయిల్ పంపే అనుమతి ఉండదు. విడిగా అనుమతి ఇచ్చి స్థాపించే రకం పెట్టాలి. ఇది తెలియక ‘ప్రోగ్రాం సరిగానే ఉంది, మెయిలే వెళ్లడం లేదు’ అని రెండు రోజులు తల పట్టుకున్నాం. గంట ఆలస్యం వల్ల ఎవరి గడువూ దాటదు. గంటకోసారి పద్ధతే మేలు.

‘సిద్ధం’ టిక్కు చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. రాసినవారు ఒకరు, చదివి టిక్కు పెట్టేవారు మరొకరు అయితే తప్పుడు తేదీలు, తప్పుడు కార్యాలయాల పేర్లు బయటికి వెళ్లడం చాలావరకు ఆగుతుంది.

తేదీ గడి నింపడం కూడా ఒక్కో మెయిల్ వెళ్లగానే జరగాలి. అన్నీ పంపి చివర్లో ఒకేసారి నింపుదామనుకుంటే, మధ్యలో ప్రోగ్రాం ఆగిపోయిన రోజున వెళ్లినవాళ్లకే మళ్లీ వెళ్తుంది.

ఉచిత జీమెయిల్ ఖాతాతో నడిచే స్క్రిప్టు రోజుకు 100 మందికి మాత్రమే మెయిల్ పంపగలదు. ప్రశ్నలకు జవాబులు పంపే సంఘానికి ఇది కావలసినంత. ఉగాది సభకు అందరినీ ఆహ్వానించాలంటే చాలదు, ఆ పనికి దీన్ని వాడకండి కూడా. కారణం కింద వస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ట్రిగ్గర్ ఎవరి ఖాతాతో పెడితే వారి పేరు మీదే నడుస్తుంది, మెయిల్ వారి చిరునామా నుంచే వెళ్తుంది. వారు ఆ ఖాతా మూసేసినా, అనుమతి తీసేసినా ఏర్పాటు మొత్తం చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. ఉత్సాహవంతుడైన కుర్రాడి సొంత ఖాతాతో కాకుండా, సంఘం పేరుతో ఒక ఖాతా తెరిచి దానితో పెట్టండి. కార్యవర్గం మారినప్పుడు బీరువా తాళాలతోపాటు ఆ పాస్‌వర్డు కూడా చేతులు మారాలి.

వెళ్లింది, చేరలేదు

షీటులో తేదీ పడింది కాబట్టి మెయిల్ అందిందని అనుకోకూడదు. ఆ తేదీకి అర్థం మన వైపు నుంచి బయల్దేరిందని మాత్రమే. ఫారంలో చిరునామా ఒక్క అక్షరం తప్పు రాసినా తేదీ పడుతుంది. కాసేపటికి ‘ఈ చిరునామాకు అందించలేకపోయాం’ అని తిరుగు మెయిల్ వస్తుంది. అది వచ్చేది పంపిన ఖాతాకు. ఆ ఖాతా ఇన్‌బాక్సు ఎవరూ తెరవకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు. వారానికి రెండుసార్లు ఎవరో ఒకరు ఆ ఇన్‌బాక్సు తెరిచి, తిరిగొచ్చిన వాటి పక్కన షీటులో ఎర్రరంగు వేయాలి. ఇది మనిషి చేయవలసిన పనే.

చిరునామా సరైనదే అయినా మెయిల్ స్పామ్‌లో పడవచ్చు. మెయిల్ పంపినవారు నిజంగా వారేనా అని అందుకునే సర్వరు మూడు విధాల చూస్తుంది. ఈ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్. మెయిల్ మీద వేసే డిజిటల్ ముద్ర డీకిమ్. ఈ రెండూ కుదరకపోతే మెయిల్‌ను ఏం చేయాలో డొమైన్ యజమాని చెప్పే మాట డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తనకు వచ్చే మెయిళ్లన్నిటికీ మొదటి రెంటిలో ఒకటైనా ఉండాలంటోంది. రోజుకు 5000కు పైగా పంపేవారికైతే మూడూ తప్పనిసరి.

జీమెయిల్ ఖాతాతో ఆప్స్ స్క్రిప్టు నుంచి పంపితే ఇవన్నీ గూగులే చూసుకుంటుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, సంఘానికి సొంత వెబ్‌సైటు ఉండి, మెయిల్ ఆ హోస్టింగ్ సర్వరు నుంచి బయల్దేరుతూ, ‘పంపినవారు’ అన్నచోట మాత్రం ఏదో జీమెయిల్ చిరునామా కనబడినప్పుడు. అందుకునే సర్వరుకు అది వేరొకరి పేరుతో వచ్చిన ఉత్తరంలాగే కనిపిస్తుంది. సొంత డొమైన్ ఉంటే ఆ డొమైన్ చిరునామాతోనే పంపండి, ఎస్‌పీఎఫ్, డీకిమ్ వివరాలు పెట్టించమని హోస్టింగ్ వారిని అడగండి.

జవాబులు వెళ్లే చిరునామా నుంచే పండగ శుభాకాంక్షలు, చందాల విజ్ఞప్తులు, సభల ఫొటోలు పంపవద్దని చెప్పడానికి కారణం ఇదే. విసుగొచ్చినవారు నలుగురు ‘స్పామ్’ అని నొక్కితే, ఆ చిరునామా నుంచి వెళ్లే అసలు జవాబులకూ అదే గతి పట్టవచ్చు.

ఆటోమేటిక్ మెయిళ్లకు మరో పాత జబ్బు ఉంది. మన మెయిల్ అందుకున్న ఖాతాలో ‘నేను సెలవులో ఉన్నాను’ అన్న ఆటోమేటిక్ జవాబు పెట్టి ఉంటే అది మనకు వస్తుంది. మన వైపు కూడా వచ్చిన ప్రతి మెయిల్‌కూ ‘అందింది, ధన్యవాదాలు’ అని పంపే ఏర్పాటు ఉంటే, రెండు యంత్రాలూ తెల్లవార్లూ ఒకదానికొకటి మర్యాదలు చెప్పుకుంటాయి. యూనిక్స్ కంప్యూటర్ల కాలంలో ఎరిక్ ఆల్‌మన్ రాసిన వెకేషన్ అనే ప్రోగ్రాం దీనికి ఒక ఉపాయం చేసింది. ఒకరికి ఒకసారి జవాబిచ్చాక వారం రోజులదాకా మళ్లీ ఇవ్వదు. 2004లో ఆటోమేటిక్ జవాబుల గురించి వచ్చిన ప్రమాణ పత్రం, ఇది యంత్రం పంపిన మెయిల్ అని తెలిపే గుర్తు పెట్టమంది. మనకు సులువైన దారి ఏమిటంటే, మెయిల్ షీటు వరుసను బట్టి మాత్రమే వెళ్లాలి, వచ్చిన మెయిల్‌ను బట్టి వెళ్లకూడదు.

అందులో ఏం రాయాలి

‘మీ ప్రశ్నకు జవాబు లభ్యమైనది, దయచేసి చూడగలరు’ అని సబ్జెక్టు పెట్టి లోపల ఒక లింకు ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు. లింకు నొక్కాలంటేనే భయపడే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు, ఈ మోసాల కాలంలో ఆ భయం సబబైనదే. జవాబు మొత్తం మెయిల్‌లోనే ఉండాలి.

సబ్జెక్టులో విషయమూ, గడువుంటే గడువూ ఉండాలి. ‘బడి దరఖాస్తు: మే 20లోపు ఇవ్వాలి’ అని ఉంటే తెరవకుండానే సగం పని అవుతుంది. అయితే సబ్జెక్టు ఫోన్ తాళం వేసి ఉన్నా తెర మీద కనబడుతుంది. ఇంటి జబ్బులు, సంబంధాల విషయాలు, డబ్బు ఇబ్బందులు సబ్జెక్టులో పెట్టకండి.

భాష సంగతి మనకు ప్రత్యేకమైనది. తమిళనాడులోనో కర్ణాటకలోనో తరాలుగా ఉన్న ఇళ్లలో తెలుగు మాట్లాడేవారందరికీ తెలుగు చదవడం రాదు. మేం జవాబు తెలుగులో ఇచ్చి, కింద గడువూ, తీసుకెళ్లవలసిన కాగితాల పేర్లూ ఆ రాష్ట్ర భాషలో రెండు మూడు వరుసలు ఇస్తాం. ఎలాగూ కార్యాలయంలో ఆ పేర్లే చెప్పాలి. తెలుగు లిపి ప్రశ్నార్థకాలుగా, డబ్బాలుగా వచ్చే రోజులు దాదాపు పోయాయి. యూనికోడ్‌లో టైపు చేస్తే ఇప్పటి ఫోన్లన్నీ సబ్జెక్టుతో సహా సరిగా చూపిస్తాయి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసింది అతికిస్తే మాత్రం అర్థంకాని అక్షరాలే వెళ్తాయి.

పంపే చిరునామా ‘దీనికి జవాబివ్వకండి’ రకం కాకూడదు. జవాబు అర్థంకానివారు అక్కడే తిరిగి అడుగుతారు. అడిగిన వాటిని ఎవరు చూస్తారో ముందే అనుకోండి.

ఒకే జవాబు పదిమందికి పంపవలసి వస్తే ఒక్కొక్కరికి విడిగా వెళ్లాలి. పది చిరునామాలు ఒకే వరుసలో పెడితే ఎవరు ఏం అడిగారో అందరికీ తెలిసిపోతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చాక కూడా సంఘాల్లో ఈ అలవాటు పోలేదు. ఫారంలోనే ‘జవాబు పంపడానికి మాత్రమే మీ చిరునామా వాడుకుంటాం’ అని రాసి, ఆ మాట మీద నిలబడాలి.

మెయిల్ అందుకునే ఇంట్లో

సంఘం సంగతి అటుంచితే, ప్రభుత్వ కార్యాలయాల నుంచి కూడా ఇప్పుడు చాలా జవాబులు మెయిల్‌లోనో పోర్టల్‌లోనో వస్తున్నాయి, వచ్చాయని చెప్పేది ఒక ఆటోమేటిక్ మెయిలే. దాన్ని చూడకపోతే నష్టం పెద్దది. సమాచార హక్కు చట్టం కింద అడిగినదానికి కార్యాలయం మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు నచ్చకపోతే మొదటి అప్పీలుకు మనకు ఉండేదీ జవాబు అందిన నాటి నుంచి 30 రోజులే. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలు చట్టంలో ఉంది గానీ, ‘మెయిల్ చూసుకోలేదు’ అన్న కారణం నిలుస్తుందన్న భరోసా లేదు. పోర్టల్‌లో అర్జీ పెట్టినవారు మెయిల్ కోసం ఎదురుచూడకుండా, నమోదు సంఖ్యతో పదిహేను రోజులకోసారి తామే చూసుకోవడం మంచిది.

జీమెయిల్‌లో స్పామ్‌లో పడిన మెయిల్ 30 రోజుల తర్వాత తనంతట తానే చెరిగిపోతుంది. అంటే అప్పీలు గడువూ, మెయిల్ ఆయుష్షూ దాదాపు ఒకటే. ఎదురుచూస్తున్న జవాబు ఉన్నన్నాళ్లు వారానికోసారి స్పామ్ తెరిచి చూడండి. అక్కడ దొరికితే ‘స్పామ్ కాదు’ అని నొక్కి, ఆ చిరునామాను కాంటాక్టుల్లో చేర్చండి. కంప్యూటర్ ఉంటే ఆ చిరునామా పేరుతో ఫిల్టర్ పెట్టి ‘ఎప్పుడూ స్పామ్‌కు పంపవద్దు’ అన్నది ఎంచుకోవచ్చు. యంత్రం పంపే మెయిళ్లు తరచు అప్‌డేట్స్ అరలో పడతాయి. దానికి ఫోన్ మోగకపోవచ్చు, కాబట్టి అదీ చూడాలి.

ఉచిత ఖాతాకు ఇచ్చే 15 జీబీలో మెయిలూ, డ్రైవూ, ఫొటోలూ అన్నీ కలిసే ఉంటాయి. మనవడి పుట్టినరోజు వీడియోలతో అది నిండిపోతే కొత్త మెయిళ్లు లోపలికి రావు, పంపినవారికి తిరిగిపోతాయి. రెండేళ్లపాటు అసలు వాడని గూగుల్ ఖాతాను తీసేసే నియమం కూడా ఉంది. ఎప్పుడో బ్యాంకు పనికని తెరిచి మరిచిన నాన్నగారి ఖాతాను ఫారంలో రాసే ముందు ఒకసారి తెరిచి చూడండి.

చాలా ఇళ్లలో అసలు చిక్కు వేరే. ప్రశ్న ఊళ్లో ఉన్న తండ్రిది, మెయిల్ బెంగళూరులోనో పుణెలోనో ఉద్యోగం చేస్తున్న కొడుకుది. జవాబు కొడుకుకు అందుతుంది, అతను మీటింగులో ఉంటాడు, సాయంత్రానికి మరిచిపోతాడు. అందుకే మా ఫారంలో ‘మెయిల్ ఎవరిది’, ‘ప్రశ్న ఎవరిది’, ‘ఏ నంబరుకు ఫోన్ చేయాలి’ అని మూడు వేర్వేరు గడులు పెట్టాం. ఎస్సెమ్మెస్ కూడా పంపుదామని ఆలోచించాం. ట్రాయ్ 2018 నిబంధనల కింద మూకుమ్మడి సందేశాలకు పంపేవారి పేరూ, సందేశం నమూనా ముందే నమోదు చేయించాలి. చిన్న సంఘానికి అంత తతంగం ఎందుకని మానుకున్నాం.

షీటులో నాలుగో కాలమ్, ఫోన్ చేసిన తేదీ, వచ్చింది ఇందుకే. గడువు ఉన్న ప్రతి జవాబుకూ మెయిల్ వెళ్లిన రెండు రోజులకు ఒక మనిషి ఫోన్ చేస్తారు. మెయిల్ తిరిగొచ్చి ఎర్రరంగు పడిన వరుసలకైతే ఆ రోజే చేస్తారు. ఈ పని ఇప్పుడు మా రిటైరైన పెద్దాయనే తీసుకున్నారు. ఉదయం కాఫీ అయ్యాక షీటు తెరిచి, ఖాళీ గడులు చూసి, ‘అమ్మా, మెయిల్ చూశారా?’ అని మొదలుపెడతారు. చూడలేదంటే జవాబంతా ఫోన్‌లోనే చదివి వినిపిస్తారు.